ఇల్లాలి చదువు – ఇంటి పద్దు

సార్వత్రిక విశ్వవిద్యాలయమున జూలై ప్రవేశములకు దరఖాస్తులు స్వీకరించు దినములు సమీపించినవి. ఈ మధ్య మా కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఒకే మాట అడుగుచున్నారు. "కోడలు మరల చదువుకొందు ననుచున్నది. చదువుట మాకు అభ్యంతరము కాదు. ఖర్చు సంగతి ఏమి?" అభ్యంతరము లేదని ముందుగా చెప్పి పిమ్మట ఖర్చు మాట ఎత్తువారిలో సగము మందికి అభ్యంతరమే ఉండునని మా అనుభవము. అయినను వారు అడిగినది ఖర్చును గూర్చి కనుక, వ్యాపారస్థులమైన మేము ఆ దారినే సమాధానము చెప్పదలచితిమి.

ఈ ప్రశ్న మన కుటుంబములలో ఇంతగా ఎందుకు వచ్చుచున్నదో మొదట చూడవలెను. కొరాపుటు, రాయగడ ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు చెన్నపురి రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చేరి యుండెను. ఎల్ల మారినను మన సంబంధములు మారలేదు. నేటికిని మన కోడండ్రు బొబ్బిలి, పార్వతీపురము, సాలూరు, పాలకొండ ప్రాంతములనుండి వచ్చుచున్నారు. ఆ పిల్లలు పది తరగతులో, ఇంటర్మీడియేటో తెలుగున చదివి, పైచదువు సగములో నుండగా వివాహమై ఇచ్చటికి వచ్చిరి. పదియేండ్లు గడచిన పిమ్మట, పిల్లలు బడికి పోవుచుండగా, విడిచిన పుస్తకము వారికి మరల జ్ఞాపకము వచ్చుచున్నది. ఇచ్చట ప్రభుత్వోద్యోగము కావలెనన్న ఏడవ తరగతి ప్రమాణమున ఒరియా భాషలో ఉత్తీర్ణత ఉండవలెను. తెలుగున చదివి వచ్చిన పిల్లకు చదువు ఉన్నను ద్వారము మూయబడియే ఉన్నది. కావున ఆమె కోరునది ఒక్క పట్టా మాత్రమే కాదు. వచ్చి పడిన ఊరిలో నిలబడుటకు కాలిక్రింద ఒక రాయి.

ఇది క్రొత్త వింత కాదు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారికి ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. ఆ సంబంధము వీడిన పిమ్మట ఆమె కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ప్రైవేటుగా ఉత్తీర్ణురాలై, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పైపట్టములు పొంది, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టము గైకొనెను. ఆమె 1937లో మదరాసున స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో మానిన స్త్రీలకు ఆ కాశీ పరీక్షకే శిక్షణ నిచ్చెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలైన పిమ్మట, 1958లో ఆ బోర్డు ద్వారా వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ఏర్పడినవి. ఆమె చదివిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు విరాళమిచ్చినది మన జయపురము మహారాజు విక్రమదేవవర్మగారే. మన నేల ధనముతో విశాఖలో చదువు పెరిగినది. మన కోడండ్రు మాత్రము అచ్చటినుండి చదువు మాని ఇచ్చటికి వచ్చుచున్నారు. ఈ విపర్యాసమును గూర్చి ఇంకెప్పుడైన వ్రాసెదము.

ఇక పద్దునకు వత్తము.

చదువు ఖర్చనగానే మనవారు ఫీజు ఎంతని అడుగుదురు. ఫీజు మిక్కిలి చిన్న పద్దు. ఒక ఉదాహరణము తీసికొందము. ఇది ఊహించి వ్రాసినదే గాని ఒక ఇంటిది కాదు. రాయగడలో ఒక కిరాణా దుకాణము. ఇల్లాలు దూరవిద్య ద్వారా బి.ఏ. చదువుచున్నది. ఏడాదికి ఫీజు, పుస్తకములు కలసి 8,000 రూపాయలు. పరీక్షలకై రాకపోకలు, బస 3,000. ఇంతవరకు అందరును లెక్క వేయగలరు. అయితే ఆ ఇల్లాలు ఇంతవరకు మధ్యాహ్నము పన్నెండు మొదలు నాలుగింటి వరకు గల్లాపెట్టె వద్ద కూర్చుండెడిది. ఆ వేళ భర్త భోజనము చేసి, కొంత విశ్రమించి, టోకు వర్తకుల వద్దకు పోయి వచ్చెడివాడు. ఇప్పుడు ఆ నాలుగు గంటలు ఆమె చదువునకు కావలెను. ఆ వేళకు ఒక నమ్మకమైన కుఱ్ఱవానిని పెట్టిన నెలకు 4,000 ఇయ్యవలెను, ఏడాదికి 48,000. మొత్తము 59,000. ఇందులో ఫీజు, పుస్తకములు ఏడవ వంతునకు లోపు.

ఇది చూచి, "చూచితిరా, చదువు ఎంత ఖరీదో!" అని కొందరు అనవచ్చును. మేము మరియొక విధముగ చదువుచున్నాము. ఆ 48,000 చదువు తెచ్చిన ఖర్చు కాదు. ఇన్నియేండ్లు ఆమె కూర్చుండి ఆ ఇంటికి మిగిల్చిన సొమ్ము. మన చిట్టాలో ఉప్పు పొట్లమునకు పద్దు కలదు, దారపు ఉండకు పద్దు కలదు. మధ్యాహ్నపు నాలుగు గంటలకు పద్దు లేదు. పదియేండ్లుగా జమ వ్రాయని సొమ్మును, ఆమె లేచిన దినముననే ఖర్చు క్రింద వ్రాసి, ఆ ఖర్చును ఆమె తలమీద పెట్టుట ఏ వర్తకుని లెక్క? ఆవర్జా తెలిసిన వాడెవ్వడును ఒప్పుకొనడు.

ఆ పద్దును తగ్గించుకొను ఉపాయములును ఇంటిలోనే ఉన్నవి. సంత లేని దినములలో మధ్యాహ్నము రెండు గంటల వేళ మన దుకాణములకు వచ్చు బేరము ఎంత? తలుపు దగ్గరగా వేసినను పోవునది స్వల్పము. మామగారు ఆరోగ్యముగా ఉన్నచో రెండు గంటలు కూర్చుండగలరు. పేపరు ఇంటి అరుగుమీద చదువుటకు బదులు గల్లావద్ద చదువవచ్చును. భర్త నిద్ర అరగంటకు తగ్గవచ్చును. కుఱ్ఱవాడు తప్పనిసరియైనచో పరీక్షల ముందు రెండు నెలలు మాత్రము పెట్టుకొనవచ్చును. ఏ ఇంటికి ఏది తగునో వారే ఎరుగుదురు. కాని ముందుగా కాగితముమీద వ్రాయవలెను. వ్రాయనిచో లోటు ఎక్కడనుండి వచ్చినదో తెలియక, తెలియని లోటంతయు చదువు పేర చెల్లును.

రెండవ చిక్కు కాలమును గూర్చినది. ఉద్యోగస్థునకు నెలనెల ఒకే జీతము. దామనజోడి, సునాబెడ కర్మాగారములలోను, జేకేపురము కాగితపు మిల్లులోను పనిచేయువారికి ఈ బాధ లేదు. వర్తకుని రాబడి అట్టిది కాదు. పంట చేతికి వచ్చి సంతలు నిండుగా సాగు కాలమున గల్లాలో సొమ్ము ఉండును. వానలు పట్టి కొండ దారులు తెగినప్పుడు అరువు పద్దులే పెరుగును. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయపు ప్రవేశములు జనవరిలోను జూలైలోను. పరీక్షలు జూన్, డిసెంబరు మాసములలో. జనవరి యనగా సంక్రాంతి బట్టలు, అల్లుండ్ర మర్యాదలు, పిండివంటల నెల. జూలై యనగా బేరము చచ్చిన నెల. పైగా పిల్లల బడి ఫీజులు, పుస్తకములు అప్పటివే. అనగా ఫీజు కట్టవలసిన రెండు నెలలును మనకు చేతిలో సొమ్ము ఆడని నెలలే. ఇది తెలిసియుండియు ఫీజు గడువు వచ్చినప్పుడు బదులునకు పరుగెత్తుట మనలో వాడుకయై పోయినది.

నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చినచో నెలకు 800, రెండేండ్లకు 19,200. అసలు అట్లే ఉండును. బ్యాంకు వడ్డీ నూటికి సాలుకు పది యని పెట్టుకొన్నను అదే సొమ్మునకు రెండేండ్లకు 8,000. ఈ తేడాలో మరియొక సంవత్సరపు ఫీజు కట్టవచ్చును. సంతల కాలమున ప్రతి సంతరాత్రి ఇంత అని వేరు డబ్బాలో వేసి, నెలాఖరున ఇల్లాలి పేర బ్యాంకులో కట్టుట ఉత్తమము. ఆ ఖాతా దుకాణపు ఖాతాతో కలియరాదు. దుకాణము ఆకలి తీరనిది. అందులో కలిసిన సొమ్ము సరుకై పోవును.

చీటీలను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. చీటీ మంచిదే, నమోదైన చీటీ యైనచో. 1982 నాటి చీటీల చట్టము ప్రకారము పాట తగ్గింపునకు ఒక హద్దు కలదు. నిర్వాహకుని కమీషను 2019 సవరణము పిమ్మట నూటికి 7 వరకు ఉండవచ్చును. ఇవి ఏవియు లేని వీధిచీటీలో ఫీజు సొమ్ము పెట్టి, గడువునాటికి పాట దక్కక, పెద్ద తగ్గింపునకు పాడుకొన్నవారు మనలో ఎందరో. గడువు తేదీ ముందే తెలిసిన ఖర్చునకు, చేతికెప్పుడు వచ్చునో తెలియని సొమ్ము తగదు.

బంగారము తాకట్టు మాట ఎత్తక తప్పదు. పుట్టింటివారు పెట్టిన నగ స్త్రీధనము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ హక్కుదారు. తన చదువునకై తానే పూనుకొని గాజులజత కుదువపెట్టిన అది ఆమె ఇష్టము. అయితే "నీ చదువునకే గదా" అని నగ తీసికొనిపోయి, వచ్చినదానిలో సగము దుకాణపు బాకీకి కట్టుట వేరు సంగతి. విడిపించవలసినవాడెవడో, ఎప్పటికో, కుదువ పెట్టిన నాడే వ్రాసికొనవలెను. ఆలుమగల మధ్య కాగితమేమిటని నవ్వువారు తమ అన్నదమ్ములతో ఎన్ని కాగితములు వ్రాసికొనిరో జ్ఞాపకము చేసికొనవలెను.

పెద్ద చదువునకు, అనగా రెండేండ్ల బి.ఇడి.కిగాని, నర్సు చదువునకుగాని, చేతి సొమ్ము చాలదు. దానికి బ్యాంకుల విద్యా ఋణము కలదు. చదువు పిల్లలకే గాని వివాహితులకు కాదని మనలో ఒక భ్రమ, అది తప్పు. గుర్తింపు పొందిన చదువైనచో భర్త సహఋణగ్రహీతగా నిలిచి భార్య పేర తీసికొనవచ్చును. బ్యాంకుల సంఘపు మాదిరి పథకము ప్రకారము 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. చదువు కాలమును, ఆపైన ఒక సంవత్సరమును గడచిన పిమ్మట కిస్తులు మొదలగును. చదువుచున్నంత కాలము వడ్డీమాత్రము కట్టుచుండినచో వడ్డీలో కొంత రాయితీ ఇచ్చుటయు ఆ పథకమున కలదు. ఆదాయపు పన్ను కట్టువారు మరియొకటి తెలిసికొనవలెను. పాత పద్ధతిన పన్ను లెక్కించుకొనువారికి పిల్లల ట్యూషను ఫీజు మినహాయింపునకు వచ్చును. భార్య ఫీజు రాదు. కాని భార్య ఉన్నత విద్యకై తీసికొన్న ఋణముపై కట్టిన వడ్డీ ఎనిమిదేండ్ల వరకు మినహాయింపునకు వచ్చును. ఆ ఋణము బ్యాంకుదో, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థదో, ఆమోదిత ధర్మసంస్థదో కావలెను. బావమరది ఇచ్చిన అప్పునకు ఈ సౌకర్యము లేదు. క్రొత్త పద్ధతికి మారినవారికి రెండును లేవు.

తక్కువ ఆదాయపు కుటుంబములకు ఒడిశా ప్రభుత్వము 2024 సెప్టెంబరు 17న ఆరంభించిన సుభద్రా పథకము కలదు. 21 మొదలు 60 ఏండ్ల స్త్రీలకు ఏటా 10,000 రూపాయలు రెండు వాయిదాలలో, ఐదేండ్లకు 50,000. పైన చెప్పిన ఉదాహరణములోని ఫీజునకు, పుస్తకములకు ఇది సరిపోవును. ఆదాయపు పన్ను కట్టు ఇండ్లకు, ప్రభుత్వోద్యోగులకు ఇది వర్తింపదు. కాని చిన్న దుకాణములు, కుట్టుపని, టిఫిను బండ్లమీద బ్రదుకు మన కుటుంబములు ఎన్నియో ఉన్నవి. ఆ సొమ్ము స్త్రీ ఖాతాలోనే పడును. పడిన మరునాడే అది ఎచ్చటికి పోవుచున్నదో ఒకసారి విచారించుకొనుడు.

ఖర్చుకన్న పెద్ద నష్టము ఒకటి కలదు. అది చెల్లని చదువు. ఫీజు తక్కువ, హాజరు అక్కరలేదు, ఏడాదిలో పట్టా అని ఊరూర కరపత్రములు పంచువారు కలరు. మన రాష్ట్రపు ఎత్తిపోతల నీటి సంస్థకు సంబంధించిన వ్యాజ్యమున 2017 నవంబరు 3న సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు అందరును తెలిసికొనదగినది. అనుమతి లేక దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు ఆ తీర్పువలన నిలిచిపోయినవి. ఆ చదువు చదివినవారిలో ఉద్యోగము చేయుచు, సంసారము నడుపుచు, రాత్రులు మేలుకొని చదివినవారు ఎందరో. వారి ఇంటి ఆడువారు ఆ యేండ్లలో ఎన్ని పండుగలకు బట్టలు మానుకొనిరో ఏ తీర్పులోను వ్రాసియుండదు. కనుక సొమ్ము కట్టుటకు ముందు ఆ సంస్థకు, ఆ చదువునకు, ఆ సంవత్సరమునకు విశ్వవిద్యాలయ నిధుల సంఘపు దూరవిద్యా విభాగము అనుమతి ఉన్నదో లేదో చూడవలెను. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినను ప్రయోజనము లేదు.

నమ్మదగిన దారులు లేకపోలేదు. కొరాపుటులో ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ కేంద్రమే ఉన్నది. అందు బి.ఏ. మూడేండ్లలో చదువవచ్చును, ఆరేండ్ల వరకు గడువు ఉన్నది. నడుమ కాన్పు వచ్చినను, జబ్బు వచ్చినను చదువు పోదు. పదవ తరగతియు, ఆపై తరగతియు పూర్తికానివారికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ కలదు. తెలుగు మాధ్యమమునకూడ చదువవచ్చును, ఐదేండ్లలో తొమ్మిది మారులు పరీక్ష వ్రాయవచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972 నుండి దూరవిద్య నడుపుచున్నది. అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయములు తమ రాష్ట్రము దాటి కేంద్రములు పెట్టుటకు వీలులేదు గనుక పరీక్షలకు అటు పోవలెను. పుట్టిల్లు పార్వతీపురమో విజయనగరమో అయిన పిల్లకు ఇది కష్టము కాదు. రాయగడలో రైలెక్కిన చాలును. పరీక్ష పేర పది దినములు పుట్టింట ఉండుట అత్తవారు ఓర్చుకొనవలసిన ఖర్చు. దానికి చిట్టాలో గడి లేదు.

పురుషుడే మరల చదువునకు పోయిన ఇండ్లును కలవు. దానికి మన జాతిలో మహోదాహరణము యెల్లాప్రగడ సుబ్బారావుగారు. గృహస్థుడైన పిమ్మట ఆయన 1922లో అమెరికాలోని హార్వర్డునకు చదువబోయెను. ప్రయాణపు సొమ్ము మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారివలనను, కాకినాడ మల్లాది సత్యలింగ నాయకరు ధర్మసంస్థవలనను కూడినది. అచ్చట రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసి చదివెను. ఆయన శోధనలు లోకమునకు ఎంత మేలు చేసినవో చెప్పనక్కరలేదు. కాని ఆయన 1948లో అచ్చటనే కన్ను మూసెను. మరల స్వదేశమునకు రాలేదు. పుట్టిన కుమారుడు శైశవముననే పోయెను. ధర్మపత్ని శేషగిరమ్మగారు ఇరువదియారేండ్లు ఎదురుచూచిరి. ఓడ కూలికి, ఫీజునకు దాతలు దొరకిరి. ఆమె పద్దు ఎవ్వరును వ్రాయలేదు. మన ఇండ్లలో భర్త ఉద్యోగోన్నతికై రెండేండ్లు భువనేశ్వరమునకో విశాఖకో చదువబోవునప్పుడు, ఫీజుతోపాటు ఇంట మిగిలిన ఆమె చేతికి నెలకు ఎంత, ఏ తేదీన, ఎవరిద్వారా అన్నదికూడ పోవుటకు ముందే తేల్చవలెను. బ్యాంకు ఖాతాపై ఆమె సంతకము ఉండవలెను. కరెంటు బిల్లునకు మామగారిని, పాలవానికి మరదిని అడుగుచు రెండేండ్లు గడపుమనుట న్యాయము కాదు. అట్టి ఇల్లాండ్రు సొమ్ము చాలక కాక, అడుగలేక అప్పు చేయుదురు; మా దుకాణముల అరువు పుస్తకములు అందుకు సాక్ష్యము.

మా కార్యవర్గము ఒక ప్రతిపాదన చేయుచున్నది. ఉగాది చందాలలో కొంత భాగము ప్రత్యేకముగ నుంచి, పరీక్ష ఫీజునకు, పుస్తకములకు వడ్డీలేని చిన్న బదుళ్లు ఇచ్చి, పది నెలల వాయిదాలలో తిరిగి తీసికొనుట. బదులు చదువువారి పేరనే ఇయ్యవలెనని కొందరు, కుటుంబ యజమాని పేరనే ఇయ్యవలెనని కొందరు అనుచున్నారు. చదువువారి పేరనే ఇయ్యవలెనని మా యభిప్రాయము. తీర్చు బాధ్యతకు మాత్రము ఆలుమగలిద్దరి సంతకములు ఉండవలెను. ఒరియా పరీక్షకు కూర్చుండదలచిన సోదరీమణులకు సాయంకాలము చెప్పగల ఉపాధ్యాయులు మనలోనే ఉన్నారు. వారు ముందుకు రావలెనని కోరుచున్నాము.

ఈ రెండు విషయములును వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు వచ్చును. సభ్యులు వచ్చునప్పుడు తమ ఇంట మధ్యాహ్నము గల్లావద్ద ఎవరు ఎన్ని గంటలు కూర్చుందురో, ఆ వేళకు మనిషిని పెట్టిన ఎంత ఇయ్యవలెనో ఒక కాగితముమీద వ్రాసి తెచ్చినచో, పేర్లు లేకుండ సభలో చదివి వినిపించెదము. ఇల్లాండ్రు వ్రాసిన కాగితములుకూడ స్వీకరింపబడును.